పదకొండు నుంచి నాలుగు దాకా తాళాలు తీయండి

తెలుగు నగరాల మున్సిపల్ కమిషనర్లకు, జిల్లా కలెక్టర్లకు, జిల్లా గ్రంథాలయ సంస్థల కార్యదర్శులకు, విద్యాశాఖ, ఆర్టీసీ, విద్యుత్ పంపిణీ సంస్థల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఏటా మార్చి దాటగానే మీ దగ్గర్నుంచి ఒక మాట వస్తుంది: "ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఎవరూ బయటికి రావద్దు." ఫోన్లకు సందేశాలు పంపుతారు, మండలాల వారీగా హెచ్చరికలు ఇస్తారు, ఆటోలకు మైకులు కట్టి చెప్పిస్తారు. మంచి మాటే. అయితే అది ఇల్లు చల్లగా ఉన్నవాళ్లకే పనికొస్తుంది. సిమెంటు రేకుల కింద కాపురం ఉండే మనిషికి, తోపుడు బండి మీద బతికే మనిషికి, అడ్డా మీద పనికోసం నిలబడే మనిషికి "బయటికి రావద్దు" అని చెప్పాక "మరి ఎక్కడికి పోవాలి" అన్నది కూడా చెప్పాలి. అది మీ హెచ్చరికల్లో ఎక్కడా ఉండదు.

వార్డుల్లో ఆరోగ్యం, కట్టడాలు, చెట్లు, తాగునీరు చూసే పనుల్లో ఉన్నవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని విషయాలన్నీ పోయిన ఏడాదే వినతిపత్రాలుగా ఆయా కార్యాలయాల్లో ఇచ్చాం. రసీదు ముద్రలు పడ్డాయి, జవాబులు రాలేదు. వేసవి మళ్లీ వచ్చింది. అందుకే అందరి ముందు అడుగుతున్నాం.

మేం కొత్త భవనాలు కట్టమనడం లేదు. నగరంలో చల్లని చోట్లు ఇప్పటికే ఉన్నాయి. అవి ఏ వేళ కావాలో సరిగ్గా ఆ వేళకే తాళాలు పడుతున్నాయి. మా ఫిర్యాదు అదే.

ఉదాహరణలు ఎక్కువగా బెజవాడవి ఇస్తున్నాం, ఎండంటే ముందు తలుచుకునే ఊరు అదే కాబట్టి. గుంటూరు, రాజమండ్రి, హైదరాబాద్, వరంగల్, రామగుండం అధికారులు తమ ఊరి పేర్లు వేసుకుని చదువుకోవచ్చు.

1. "ఇంట్లోనే ఉండండి" అంటున్నారు, ఏ ఇంట్లో?

సిమెంటు రేకు మందం ఆరు మిల్లీమీటర్లు ఉంటుంది. పైన ఎండ తగిలిన కాసేపటికే వేడి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం రెండింటికి రేకు కింద నిలబడి అరచెయ్యి పైకి చాపితే, ఇంకా జానెడు దూరం ఉండగానే పొయ్యి మీద పెనం దగ్గర పెట్టినట్టు వేడి కొడుతుంది. లోపలి గాలి వేడి ఒక ఎత్తు, నెత్తి మీదికి దిగే ఈ సెగ మరో ఎత్తు. ఫ్యాన్ ఈ సెగను ఆపలేదు.

ఫ్యాన్ గురించి ఒక మాట. చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ చల్లదనాన్ని తేదు, చెమట ఆరడానికి సాయం చేస్తుంది, అంతే. వృద్ధుల్లో చెమట తక్కువ. గది 40 డిగ్రీలు దాటాక పొడి చర్మం మీద ఫ్యాన్ గాలి వాళ్లను ఇంకా వేడెక్కిస్తుంది. తడి గుడ్డతో ఒళ్లు తుడిచి, ఆ తడి మీద గాలి తగలనిస్తేనే ఉపయోగం. హెచ్చరికల్లో ఈ ఒక్క వాక్యం చేర్చడానికి పైసా ఖర్చు లేదు.

డాబా ఇళ్ల కథ వేరు. నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా వేడిని మింగి, మూడు నాలుగు గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది. పై అంతస్తులో ఉండేవాళ్లకు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఇల్లు బయటికంటే వేడిగా ఉంటుంది. గుణదల, మొగల్రాజపురం, చిట్టినగర్ వైపు కొండ మీది ఇళ్లకు ఇంకో బాధ ఉంది. వెనక బండరాయి పొద్దుపోయాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. నీళ్లు పైకి ఎక్కే వేళలు కొన్నే. మెట్లు దిగి నీడకు వెళ్లాలంటే, మళ్లీ ఎండలోనే ఆ మెట్లన్నీ ఎక్కిరావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అసలు దిగదు.

రాత్రి కూడా ఒంటికి చల్లదనం దొరకకపోతే పగటి వేడి మర్నాటికి మిగిలిపోతుంది. వరసగా రెండు మూడు రోజులు ఇలా గడిచాక ఒళ్లు పడిపోతుంది. పగలు రెండు మూడు గంటలైనా చల్లని చోట కూర్చుంటే ఆ వరస తెగుతుంది. మేం అడుగుతున్నది ఆ రెండు మూడు గంటలు.

2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బతో పోయారు. అవి లెక్కకొచ్చినవి. తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురూ ధ్రువీకరిస్తేనే వడదెబ్బ మరణం. రేకుల ఇంట్లో మధ్యాహ్నం నిద్రలో పోయిన వృద్ధుడికి ఆ కాగితం రాదు, "గుండె ఆగింది" అని రాసేస్తారు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవాళ్లు, మానసిక వైద్యం మందులు వాడేవాళ్లు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఇలా లెక్కలో లేకుండా పోతున్నారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పోయినవాళ్ల కుటుంబాలకు నాలుగు లక్షల పరిహారం పెట్టింది. సంతోషం. పోకముందు కూర్చోవడానికి ఒక నీడ చోటు ఇవ్వడం అంతకంటే చాలా చౌక.

2. తాళాలు

పార్కులు. చాలా మున్సిపల్ పార్కులు నడకకు వచ్చేవాళ్ల కోసం తెల్లవారుజామున తెరిచి, తొమ్మిదికో పదికో మూసి, మళ్లీ సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. పెద్ద చెట్ల నీడ నగరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది అక్కడే. గేటు బయట ఆటో డ్రైవరు తన బండి నీడలో తానే ముడుచుకుని కూర్చుంటాడు. లోపల వేపచెట్టు కింద బల్ల ఖాళీగా ఉంటుంది. "మధ్యాహ్నం తెరిస్తే ఆకతాయిలు చేరతారు" అన్న జవాబు ఒక్కటే ఇన్నేళ్లుగా వింటున్నాం. ఒక వాచ్‌మన్‌ని పెట్టండి. ఆకతాయిల భయంతో ఊరు మొత్తాన్ని ఎండలో నిలబెట్టడం న్యాయం కాదు.

గ్రంథాలయాలు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాం, ఎక్కువ బాధ ఇక్కడే ఉంది కాబట్టి. చాలా చోట్ల శాఖా గ్రంథాలయం ఉదయం ఎనిమిదికి తెరిచి పదకొండుకు మూస్తారు. మళ్లీ తెరిచేది సాయంత్రం నాలుగింటికి. మీరు బయటికి రావద్దనే గంటలు ఏవో, గ్రంథాలయం మూసి ఉండే గంటలూ అవే. అక్కడ గది ఉంది, కుర్చీలున్నాయి, ఫ్యాన్లున్నాయి, పేపరుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా జనం కడుతూనే ఉన్నారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఆంధ్రదేశపు తొలి గ్రంథాలయ మహాసభ జరిగింది ఈ బెజవాడలోనే. కాలువల మీద పడవల్లో పుస్తకాలు ఊరూరికీ మోసుకెళ్లిన ప్రాంతం ఇది. అలాంటి చోట మధ్యాహ్నం గ్రంథాలయానికి తాళం ఉంటోంది.

ఖర్చెంతో చూడండి. ఎనిమిది పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, ఐదు గంటలు తిరిగితే మూడు యూనిట్లు. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా రోజుకు ముప్పై రూపాయలు. అవే కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు అయితే సగం కంటే తక్కువ. అసలు ఖర్చు మనిషిది, అది మాకు తెలుసు. ఉన్న గ్రంథపాలకుణ్ణే పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టమనడం లేదు. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలకు శాఖకు ఒక తాత్కాలిక మనిషిని పెట్టమంటున్నాం. ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే, స్థానిక సంస్థలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమచేయకుండా ఉంచుకున్న సెస్సు బకాయిలు ఎంతో మీ రికార్డుల్లోనే చూడండి.

నిరాశ్రయుల వసతి గృహాలు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఇరవై నాలుగు గంటలూ, ఏడాది పొడవునా ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లోనూ అదే రాశారు. ఆచరణలో చాలా చోట్ల వాటిని "రాత్రి బస" అనే అనుకుంటారు, తెల్లారాక అందరినీ బయటికి పంపి ఊడ్చి గడియ పెడతారు. నిబంధన ఉన్నా నడవని చోట మేం కొత్తగా అడిగేదేమీ లేదు, ఉన్నదాన్ని అమలు చేయండి.

కమ్యూనిటీ హాళ్లు, కల్యాణ మండపాలు. మూఢం రోజుల్లో, ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. పాత ఆలయాల రాతి మండపాలైతే మందపాటి రాయి వల్ల మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటాయి. గర్భగుడి తలుపులు వేసినా మండపం తెరిచి ఉంచవచ్చు. చర్చిలు, మసీదులు, గురుద్వారాల పెద్దలను మీరు పిలిచి అడిగితే కాదనరని మా నమ్మకం. అహ్మదాబాద్ 2013లో వేసవి ప్రణాళిక రాసుకున్నప్పుడు గుళ్లు, ప్రభుత్వ భవనాలు, మాల్స్ అన్నిటినీ చల్లని చోట్లుగా అందులో చేర్చింది. బార్సిలోనా 2020లో గ్రంథాలయాలు, బడులు, పార్కులతోనే తన జాబితా మొదలుపెట్టింది.

3. బడులు

ఏప్రిల్ ఆఖరు వారం నుంచి జూన్ పన్నెండు దాకా ప్రభుత్వ బడులన్నీ ఖాళీ. ప్రతి వార్డులో ఒకటైనా ఉంటుంది. వరండా ఉంది, వేపో గానుగో చెట్టుంది, ఫ్యాన్లు, మరుగుదొడ్లు, తాగునీళ్లు ఉన్నాయి. ప్రజల డబ్బుతో అవన్నీ బాగుచేశారు. ఎండలు మండే యాభై రోజులూ వాటిని మూసి ఉంచుతున్నాం.

మీ భయాలు కూడా ఊహించగలం: కంప్యూటర్లు పోతాయి, బల్లలు విరుగుతాయి, తరగతి గదుల్లో చెత్త మిగులుతుంది. కాబట్టి తరగతి గదులన్నీ అక్కర్లేదు. కింది అంతస్తులో రెండు గదులు, వరండా, మరుగుదొడ్లు, కుళాయి, ఇంతే. మిగతా వాటికి తాళాలు అలాగే ఉండనివ్వండి. ఆ రెండు గదులూ ఉత్తరం వైపువైతే మేలు. పడమటి గోడ ఉన్న గది మూడింటి తర్వాత పనికిరాదు, గోడే సెగ కొడుతుంది. మూడంతస్తుల బడిలో పై అంతస్తు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, స్లాబు కింద ఉడికిపోతారు.

4. బస్టాపుల నీడ ఎక్కడ పడుతోంది?

మే మొదటి వారంలో మధ్యాహ్నం బెజవాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు బస్టాపు కప్పు నీడ కప్పు కిందే పడుతుంది. బల్ల మీద కూర్చున్నవాళ్లకు నీడ దొరుకుతుంది. కాంట్రాక్టరు నమూనా గీసేటప్పుడు ఈ ఒక్క వేళనే దృష్టిలో పెట్టుకున్నట్టుంది.

సాయంత్రం నాలుగింటికి చూడండి. పొద్దు పడమటికి వాలి ఎత్తు 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. తొమ్మిది అడుగుల ఎత్తున ఉన్న కప్పు నీడ తూర్పుగా పదమూడు అడుగులు జరిగిపోతుంది. కప్పు వెడల్పు ఐదారు అడుగులే. అంటే నీడ బస్టాపు దాటి వెనక కాలువలోనో, ఎవరి ప్రహరీ మీదో పడుతుంది. బల్ల మీద నిండు ఎండ. స్టీలు బల్ల అయితే చెయ్యి ఆనించలేరు. జనం బస్టాపు వదిలేసి పది గజాల అవతల కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడతారు. బస్సు వచ్చేసరికి పరుగెత్తాలి. చంటిపిల్లతో ఉన్న తల్లి ఆ పరుగు పరుగెత్తలేదు.

పైన రేకు ఒకే పొర. వెనక ప్రకటన బోర్డు గాలిని ఆపేస్తుంది. మొత్తం కలిపి అదొక పెట్టె.

దీనికి లక్షలు పెట్టి ఏసీ బస్టాపులు కట్టక్కర్లేదు. అవి నాలుగు కట్టి, తలుపులు చెడిపోయాక వదిలేయడం కంటే, ఉన్న నాలుగు వందలు సరిచేయడం మేలు. రేకు పైన తెల్ల రంగు వేయండి. రేకు కింద నాలుగంగుళాల సందు వదిలి వెదురు తడిక బిగించండి, రేకు సెగ నేరుగా నెత్తికి తగలదు, సందులో గాలి ఆడుతుంది. పడమటి వైపు మూడడుగుల ఎత్తు నుంచి ఏడడుగుల దాకా తడిక వేలాడదీయండి, కింద ఖాళీగా ఉంటే గాలి వస్తుంది. రోడ్డు పడమటి వైపే ఉంటే అడ్డుపెట్టడం కుదరదు, బస్సు కనపడాలి కదా. అక్కడ కప్పును రోడ్డు వైపు మూడడుగులు పొడిగించి కిందికి వాల్చండి. ప్రకటన బోర్డుకు కింద రెండడుగులు ఖాళీ వదిలించండి. బల్లకు చెక్క పలకలు వేయండి.

కూడళ్లలో సిగ్నళ్ల దగ్గర కట్టే ఆకుపచ్చ నెట్‌లు మంచి పని. చేసినవాళ్లకు ధన్యవాదాలు. మూడు సవరణలు కావాలి. నర్సరీల్లో వాడే యాభై శాతం నెట్ సగం ఎండను వదిలేస్తుంది, 75 శాతానికి తక్కువ వద్దు. నెట్ గీత దగ్గర ఆగిపోకుండా వెనక ఇరవై మీటర్ల దాకా ఉండాలి, బళ్లు అంతవరకూ ఆగుతాయి. లారీలు తగలకుండా పద్దెనిమిది అడుగుల ఎత్తున, తాళ్లతో కాకుండా జీఐ తీగతో (జింకు పూత పూసిన ఇనుప తీగ) మీటరుకొక చోట బిగించాలి. లేకపోతే మొదటి గాలిదుమారానికే చిరిగి బళ్ల మీద పడుతుంది. అప్పుడు "ప్రమాదం" అని తీసేస్తారు, మళ్లీ కట్టరు.

5. చలివేంద్రాలు

చలివేంద్రం మన పెద్దలు పెట్టిన ఏర్పాటు. ప్రారంభించిన రోజు ఫొటోలో కుండలు నిండుగా ఉంటాయి. పదో రోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూస్తే ఫ్లెక్సీ ఉంటుంది, పందిరి ఉంటుంది, కుండలో అడుగున బెత్తెడు నీళ్లు, వాటిలో ఈగ. ఎందుకు ఇలా అవుతోందో రాస్తున్నాం.

నీళ్లు చాలవు. రద్దీ కూడలిలో ఆరు వందల మంది పావు లీటరు చొప్పున తాగితే 150 లీటర్లు, అంటే ఎనిమిది ఇరవై లీటర్ల క్యాన్లు. రెండు మూడు కుండలు పెట్టి పొద్దున ఒకసారి నింపితే పన్నెండుకల్లా ఖాళీ. నింపే మనిషికి కూలీ రాయరు, స్వచ్ఛందం అంటారు. ఎండ ముదిరేసరికి ఆ స్వచ్ఛంద సేవకుడూ ఇంటికి పోతాడు.

కుండ చల్లబరచదు. కుండకు ఒళ్లంతా చెమట పట్టి, ఆ తడి గాలికి ఆరితేనే లోపల నీరు చల్లబడుతుంది. అందం కోసం కుండకు రంగు వేసినా, చుట్టూ ఫ్లెక్సీ చుట్టినా చెమట పట్టదు. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. తడి ఇసుక మీద కూర్చోబెట్టాలి, తడి గోనెపట్టా చుట్టాలి, గాలి తగిలే నీడలో ఉంచాలి. మూడు నాలుగు వారాలకు మట్టి రంధ్రాలు పూడిపోతాయి. సబ్బు లేకుండా కొబ్బరిపీచుతో రుద్ది ఒక రోజు ఎండబెడితే మళ్లీ పనిచేస్తుంది. కోస్తాలో ఉక్కపోత రోజున కుండ ఎంత చేసినా కొన్ని డిగ్రీలకు మించి చల్లబరచదు, రామగుండం వైపు పొడిగాలిలో బాగా చల్లబరుస్తుంది.

చల్లగా లేవని ఐసు గడ్డలు వేస్తారు. చేపలకు, పండ్ల బండ్లకు వాడే ఐసు తాగే నీటితో చేసినది కాదు. వడదెబ్బ తప్పించబోయి విరేచనాలు తెచ్చిపెట్టినట్టవుతుంది. ఐసు వేయొద్దు. మజ్జిగ రెండు మూడు గంటలకే పులుస్తుంది, కాబట్టి పొద్దున పదికొకసారి, మధ్యాహ్నం రెండుకొకసారి తాజాగా తేగలిగితేనే పెట్టండి. చేతకాకపోతే నీళ్లు, ఓఆర్ఎస్ చాలు. గ్లాసు కుండలో ముంచనివ్వకూడదు. కుళాయి ఉన్న కుండైనా ఉండాలి, పొడుగు కాడ గరిటెతో పోసే మనిషైనా ఉండాలి. నీటిలో క్లోరిన్ ఎంతుందో చూసే క్లోరోస్కోప్‌లో నీళ్లు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది.

ఇంకొక విషయం. మార్కెట్లో కూరగాయలమ్మే ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. దాహం లేక కాదు, వెళ్లడానికి మరుగుదొడ్డి లేక. చలివేంద్రం పక్కన ఎన్ని కుండలు పెట్టినా వాళ్లు తాగరు. మూత్రంలో మంట, జ్వరం, ఆ తర్వాత ఆసుపత్రి ఖర్చు. అందుకే నీళ్లు, నీడ, మరుగుదొడ్డి మూడూ కలిపే అడుగుతున్నాం, ఒకటి తీసేసి రెండు ఇవ్వొద్దు.

6. చెట్లు

డివైడర్ల మీద పూలమొక్కలు, కోనోకార్పస్ వరసలు ఎవరికీ నీడ ఇవ్వవు. అవి రోడ్డు మధ్యన ఉన్నాయి, మనిషి నడిచేది అంచున. వేప, గానుగ, నిద్రగన్నేరు లాంటివి కాలిబాట పక్కన, పడమటి ఎండకు అడ్డుపడేలా పెట్టాలి. చెట్టు మొదలు చుట్టూ టైల్స్ బిగించి ఊపిరాడకుండా చేయొద్దు, మూడడుగుల చదరం మట్టి వదలండి.

విద్యుత్ సంస్థలకు ప్రత్యేకంగా ఒక మనవి. గాలివానలకు ముందని చెప్పి ఏప్రిల్, మే నెలల్లోనే తీగల కింద కొమ్మలు కొట్టేస్తున్నారు. తీగల భద్రత అవసరమే. కానీ నీడ అన్నిటికంటే కావాల్సిన నెలలో మోడు మిగులుతోంది. అదే పని డిసెంబరు, జనవరిల్లో చేస్తే వేసవికి కొత్త చివుళ్లు వస్తాయి. అప్పటికీ తగిలే కొమ్మలుంటే ఆ కొమ్మలే తీయండి, తల మొత్తం కాదు.

7. నీటి ఒడ్డు

చల్లని చోటు దొరకని కుర్రాళ్లు కృష్ణలోకి, కాలువల్లోకి దిగుతారు. ప్రతి వేసవిలో మునిగి చనిపోయే పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు వస్తుంది. "ఈత నిషేధం" అని బోర్డు పెట్టడం దీనికి చాలదు. ఒక ఘాట్‌లో లోతు కొలిచి, గొలుసు కట్టి, ఈతగాణ్ణి, గాలి ట్యూబుల్ని పెట్టి, అక్కడికి రమ్మనండి. ఘాట్‌ల మెట్లు కాంక్రీటు, మధ్యాహ్నం కాళ్లు కాలతాయి. నీళ్ల పక్కనే ఉన్నా ఒక్క పందిరి లేకపోవడం వల్ల అవి ఎండపూట ఎవరికీ పనికిరావడం లేదు.

డెలివరీ చేసే కుర్రాళ్ల గురించి కూడా ఒక మాట. ఆర్డరు కోసం మాల్ లోపలికి వెళ్లే మనిషిని, ఆర్డరు లేనప్పుడు అదే మాల్ మెట్ల మీద కూర్చోనివ్వరు. చెన్నై కార్పొరేషన్ 2025లో వాళ్లకోసం రోడ్డు పక్కన ఏసీ విశ్రాంతి గదులు తెరిచింది. మన నగరాలకూ అది చేతనైన పనే.

మేం కోరుతున్నవి

అ) ఈ నెలాఖరులోగా ప్రతి వార్డుకు కనీసం ఒక చల్లని చోటు పేరు ప్రకటించండి. ఇంటి నుంచి నడిచి పది నిమిషాలు దాటకూడదు. కొండ ప్రాంతాల్లో కింద ఒకటి, పైన ఒకటి ఉండాలి. ఆ పేరు, వీధి గుర్తు హెచ్చరిక సందేశంలోనే రావాలి: "బయటికి రావద్దు" తర్వాతి వాక్యంగా.

ఆ) ఆ చోట గోడకు నాలుగైదు అడుగుల ఎత్తున, ఎండ తగలకుండా, ఒక థర్మామీటరు వేలాడదీయండి. మధ్యాహ్నం రెండింటికి లోపల 35 దాటితే అది చల్లని చోటు కాదు, మార్చండి. ఎయిర్ కూలర్ పెడితే కిటికీలు తెరిచి ఉంచాలి. మూసిన గదిలో కూలర్ తేమ పెంచి ఉక్కపోత చేస్తుంది, కోస్తాలో మరీను.

ఇ) అక్కడ ఉండే మనిషికి ఒక పూట శిక్షణ ఇవ్వండి. మనిషి తడబడి మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా వడదెబ్బ కావచ్చు. ముందు 108కి ఫోన్ చేయాలి, బండి వచ్చేదాకా ఊరుకోకుండా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, విసరాలి, మెడకు, చంకలకు, గజ్జలకు చల్లని తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. స్పృహ ఉంటే ఓఆర్ఎస్, ఒక పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చదును చెంచాలే.

ఈ) జూన్ పదిహేను దాకా పార్కులు, శాఖా గ్రంథాలయాలు పొద్దుటి నుంచి రాత్రి దాకా మధ్యలో మూయకుండా తెరిచి ఉంచుతూ ఉత్తర్వు ఇవ్వండి. శుక్రవారం గ్రంథాలయ సెలవైతే ఆ రోజు పక్క వార్డులోని ఏ చోటు తెరిచి ఉంటుందో తలుపు మీద రాయించండి.

ఉ) రేకుల ఇళ్లకు వేసవి ముందే తెల్ల పూత వేయించండి. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది, చదరపు మీటరుకు సుమారు మూడు వందల రూపాయలని అంచనా వేసింది. అంత లేకపోతే సున్నంలో జిగురు కలిపి రెండు మూడు పూతలు వేసినా ఒక వేసవి గడుస్తుంది, వానలకు పోతుంది. దుమ్ము పట్టిన తెలుపు పనిచేయదు, ఏటా మార్చిలో కడగాలి.

ఊ) వడదెబ్బ అనుమానమున్న ప్రతి మరణాన్ని, ఇంట్లో జరిగినదాన్ని కూడా, వార్డు ఆరోగ్య కార్యకర్త నమోదు చేయాలి. కప్పు ఏ రకమో, ఆ రోజు ఆ వార్డులో ఏ చల్లని చోటు తెరిచి ఉందో అందులో రాయాలి. ఆ పట్టిక నెలకొకసారి వార్డు కార్యాలయం గోడకు అంటించాలి.

వీటిలో ఏది చేస్తారు, ఏ తేదీకి చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు అని రాతపూర్వకంగా చెప్పండి. చేయలేమన్న జవాబు కూడా మాకు జవాబే. దాన్ని పట్టుకుని ఆ వార్డులో ఇంకెవరి తలుపు తట్టాలో మేం చూసుకుంటాం. రోహిణి కార్తె మొదలయ్యేది మే 25న. అంతకు ముందే గేట్లు తీయించండి.

ఇట్లు,
వార్డుల్లో మీతో కలిసి పనిచేయడానికి సిద్ధంగా ఉన్న పౌరులు